సున్నా-ఒకటి మంత్రిగారి చారిత్రక న్యాయం

"ఇకమీదట ఈ రాష్ట్రంలో ఏ గోలూ అన్యాయం పాలు కాదు" అని గౌరవనీయ డెన్నిస్ పాస్కోగారు మా వర్రాబిన్ ఫుట్‌బాల్ క్లబ్బు హాల్లో ప్రకటించినప్పుడు నేను ముందు వరసలోనే ఉన్నాను. క్లబ్బువాళ్ళు పంచే కీమా రొట్టె వేడిగా అందేది ముందు వరసకే.

పాస్కోగారు మా ఎమ్మెల్యే. పైగా క్రీడా వారసత్వ శాఖ మంత్రి. మా ఊరి డాక్టరు రిటైరై సముద్రం ఒడ్డుకి వెళ్ళిపోయాక ఆ కుర్చీలోకి మళ్ళీ ఎవరూ రాలేదు. మంత్రిగారు ముఖ్యమైన ప్రకటన చేస్తారనగానే అది డాక్టరు సంగతే అయివుంటుందని కొందరు అమాయకులు దగ్గుతూనే వచ్చి కూర్చున్నారు. కానీ మంత్రిగారి చూపు అంత దగ్గర్లో ఆగేది కాదు. డాక్టరు బాగుచేసేది ఇవాళ్టి జబ్బుని. ఆయన బాగుచెయ్యడానికి వచ్చింది గతాన్ని.

నా పేరు రాల్ఫ్ టింక్లర్. స్కూలు బస్సు నడిపి రిటైరయ్యాను. శనివారాలు మాత్రం కుర్రతనం నుంచీ ఒకటే ఉద్యోగం, గోల్ అంపైరు. తెల్లకోటు వేసుకుని, రెండు జెండాలు పట్టుకుని గోలు దగ్గర నిలబడతాను. మా దేశపు ఫుట్‌బాల్లో బంతిని చేత్తో పట్టుకుని తన్నవచ్చు, గోలంటే వల కాదు, వరసగా పాతిన నాలుగు కొయ్యలు. నడిమి రెండు పొడుగు కొయ్యల మధ్యనుంచి బంతి పోతే రెండు జెండాలు ఊపాలి, ఆరు పాయింట్లు. పక్కనుంచి పోతే ఒక జెండా, ఒక పాయింటు. కొయ్యకి తగిలినా ఒకటే. నేను ఊపితే అవతలి చివర ఉన్న గోల్ అంపైరు కూడా అలాగే ఊపి, చూశానని ఒప్పుకోవాలి. ఇందులో రాజకీయం ఏమీ లేదనుకున్నాను.

మా ఊరివాళ్ళకి లెక్కలంటే ప్రాణం. పెళ్ళిరోజు మరిచిపోయిన మొగుణ్ణి పెళ్ళాం క్షమిస్తుంది. ఏ ఫైనల్లో ఎవరెన్ని గోల్స్ కొట్టారో మరిచిపోతే మాత్రం పుట్టింటికి కబురు పెడుతుంది. మందుల షాపు నడిపి మానేసిన బెరిల్ ఒక వెబ్‌సైటు పెట్టింది. క్లబ్బు పుట్టిన దగ్గర్నుంచీ ఆడిన ప్రతివాడూ అందులో ఉన్నాడు. చచ్చిపోయినవాళ్ళు కూడా అందులో క్షేమంగా ఉన్నారు.

ఆ లెక్కలన్నిట్లో రెండు మా పసిపిల్లలకి కూడా నోటికొచ్చు. మొదటిది నెవ్ వంద. నెవ్ మక్రే 1978లో ఒక్క సీజన్లో వంద గోల్స్ కొట్టాడు. మా ఊళ్ళో అంతకుముందు ఎవరూ కొట్టలేదు, తర్వాతా కొట్టలేదు. ఊరి మొదట్లో రోడ్డు మీద బోర్డు కూడా ఉంది: "వర్రాబిన్. నెవ్ వంద కొట్టిన ఊరు." వందోది పడింది ఆ ఏడాది ఫైనల్లోనే, పక్క ఊరు కల్గూరా మీద. దేశంలో ఎక్కడ ఎవరి వందో గోలు పడినా జనం కంచె దాటి మైదానంలోకి పరుగెత్తడం ఆచారం. ఆరోజు మా అమ్మ కూడా పరుగెత్తింది.

రెండోది మంత్రిగారి లెక్క. అదే ఫైనల్లో, ఆఖరి నిమిషాల్లో, బెంచీ మీద కూర్చున్న పద్ధెనిమిదేళ్ళ డెన్నిస్ పాస్కోని లోపలికి పంపారు. బంతి చేతికొచ్చింది. తన్నాడు. టక్‌మని కొయ్యకి తగిలింది. నేను ఒక జెండా ఊపాను. మేము మూడు పాయింట్లతో ఓడిపోయాం. ఆయన మళ్ళీ ఆడలేదు. బెరిల్ సైటులో ఇప్పటికీ ఉంటుంది: పాస్కో, ఒక మ్యాచ్. గోల్స్ సున్నా, పక్కకి పోయినవి ఒకటి.

అప్పట్నుంచీ ఆయన ఎక్కడ మైకు పట్టుకున్నా వెనక వరసలోంచి ఎవడో ఒకడు "సున్నా-ఒకటి" అంటాడు. శాసనసభలో ప్రతిపక్షం కూడా బడ్జెట్ చర్చల్లో దాన్నే వాడుకుంటోందని విన్నాను. వేరే మనిషైతే కుంగిపోయేవాడు. ఆయన చట్టం తెచ్చారు.

చారిత్రక క్రీడా గణాంక న్యాయ చట్టం చాలా ఉదారమైన చట్టం. పాత మ్యాచ్ ఎంత పాతదైనా తిరగదోడవచ్చు, గడువు లేదు. కళ్ళారా చూశామని ఇద్దరు సాక్షులు చెబితే చాలు, అంపైరు జెండా చెల్లదు. విచారణకి ఒక కమిషన్. దానికి అధ్యక్షుడు ఒక రిటైర్డ్ జడ్జి. కమిషన్ మా క్లబ్బు హాల్లోనే కూర్చుంది. మొట్టమొదటి కేసు ఎవరిదో చీటీలు వేసి తీస్తే అదృష్టవశాత్తూ మంత్రిగారిదే వచ్చింది.

నన్ను పిలిచారు. బంతి కొయ్యకి తగిలిందని చెప్పాను.

"మీరు కొయ్యను చూశారా, బంతిని చూశారా?" అన్నారు జడ్జిగారు.

"రెండిట్నీ చూశానండీ. ఆ సమయానికి రెండూ ఒకచోటే ఉన్నాయి."

నా మాట పక్కన పెట్టి, ఆనాటి గాలికి కొయ్యే బంతివైపు వంగిందని ఒక నిపుణుడి నివేదిక చదివారు. సాక్షులు ఇద్దరూ దొరికారు. ఒకరు మంత్రిగారి బావమరిది. రెండోవాడు మంత్రిగారి డ్రైవరు. ఆ డ్రైవరు అప్పటికి తల్లి ఒళ్ళో పసివాడే అయినా కళ్ళు తెరిచే ఉన్నాడట.

ఒకటి పోయి ఆరు వచ్చాయి. డెబ్భై తొమ్మిది ఎనభై నాలుగైంది. కల్గూరా ఎనభై రెండు దగ్గరే ఉండిపోయింది. అంటే నలభై ఆరేళ్ళ తర్వాత మేము ఫైనల్ గెలిచాం. అబద్ధమెందుకు, నాక్కూడా గుండె పొంగింది. మైదానం చుట్టూ నిలిపిన కార్లన్నీ హారన్లు మోగించాయి. బెరిల్ ఒక్కతే గొణుక్కుంటూ సైటు దిద్దింది. రాష్ట్రం నలుమూలల నుంచీ అభిమానులు తమ తాతల గోల్స్ కోసం అర్జీలు పట్టుకుని బయల్దేరారు. పోస్టాఫీసు మళ్ళీ కళకళలాడింది.

మంత్రిగారి వాంగ్మూలాన్ని టీవీలో పూర్తిగా చూపించారు. నేను విన్న వాంగ్మూలాల్లో అంత స్ఫూర్తిదాయకమైనది మరొకటి లేదు.

"మిక్ డూలన్ బయటికి రావాలి, నేను లోపలికి వెళ్ళాలి. సేవ చెయ్యడంలో ఆలస్యం నాకు చిన్నప్పట్నుంచీ పడదు. అతను వచ్చేదాకా ఆగలేక పరుగెత్తాను. నేను ఆ గోలు కొట్టేటప్పటికి పాపం మిక్ ఇంకా మైదానం మధ్యలోనే నడుస్తున్నాడు."

ఈ మాటలు కల్గూరాలో టీ తాగుతున్న క్లారీ విన్నాడు. ఆ ఫైనల్లో కల్గూరా కెప్టెన్ క్లారీయే. నెవ్‌ని అడ్డుకోవాల్సినవాడూ అతనే. గెలిచిన కప్పు నలభై ఆరేళ్ళకి చెయ్యిజారిన మంటలో ఉన్నాడేమో, టీ పక్కన పెట్టి వెంటనే అర్జీ రాశాడు. మా ఆటలో మైదానంలో ఒక జట్టుకి పద్ధెనిమిది మందే ఉండాలి. అనుమానం వస్తే అవతలి కెప్టెన్ తలలు లెక్కపెట్టమని అడగొచ్చు. పంతొమ్మిదో తల కనబడిందా, అప్పటిదాకా ఆ జట్టు కొట్టినదంతా సున్నా. క్లారీ తలలు లెక్కపెట్టమన్నాడు. మామూలుగా ఈ కోరిక మ్యాచ్ నడుస్తుండగా కోరతారు. కానీ చట్టానికి గడువు లేదు కదా. ఇద్దరు సాక్షుల్లో ఒకడు క్లారీ. రెండో సాక్షి టీవీలో స్వయంగా మంత్రిగారు.

జడ్జిగారు తీర్పు చదివారు. పంతొమ్మిదో తల లోపలికొచ్చింది మంత్రిగారు పరుగెత్తినప్పుడు కాబట్టి, అప్పటిదాకా మేము కొట్టినదంతా రద్దు. పరుగెత్తిన తర్వాత పడినది మాత్రం ఉంటుంది. అది మంత్రిగారి గోలు ఒక్కటే. కల్గూరా ఎనభై రెండు, వర్రాబిన్ ఆరు.

"ఫైనల్లో జట్టు పాయింట్లన్నీ ఒక్కడే సంపాదించడం ఈ దేశ చరిత్రలో ఇదే మొదటిసారి" అని మంత్రిగారి కార్యాలయం సాయంత్రానికల్లా ప్రకటన విడుదల చేసింది. బెరిల్ సరిచూసి నిజమేనంది. మా లీగ్ ఫైనల్స్‌లో ఇంత ఘోరమైన ఓటమి కూడా ఇదే మొదటిసారని చెప్పింది.

రద్దయిన వాటిలో నెవ్ ఆరోజు కొట్టిన నాలుగు గోల్స్ కూడా ఉన్నాయి. వంద తొంభై ఆరైంది.

రోడ్డు మీద బోర్డు దిద్దారు. "వర్రాబిన్. నెవ్ తొంభై ఆరు కొట్టిన ఊరు." అది చదివి ఎవడూ కారు ఆపడు. నెవ్‌కి ఇప్పుడు డెబ్భై రెండేళ్ళు, మోకాలు మడవదు. "తొంభై ఆరు కూడా మంచి నంబరేలేరా" అని నాతో అన్నాడు. ఆ మర్నాటి నుంచి క్లబ్బుకి రావడం మానేశాడు. నలభై ఆరేళ్ళుగా అతను కూర్చునే స్టూలు మీద ఎవరూ కూర్చోలేదు.

క్లారీ పరిస్థితి అంతకన్నా హీనం. ఒకరోజు కారేసుకుని వచ్చి నా గుమ్మంలో నిలబడ్డాడు.

"కప్పు కోసం అర్జీ పెట్టాను రాల్ఫ్. వంద పోతుందని తట్టలేదు. నేనెక్కడికెళ్ళినా 'నెవ్ వందో గోలు కొట్టింది ఇతని మీదే' అని చెప్పి బీరు పోయించేవాళ్ళు. ఇప్పుడు నేనెవర్ని? తొంభై ఆరో గోలు కొట్టించుకున్నవాణ్ణి కూడా కాదు."

ఎన్నికలు దగ్గరపడ్డాయి. వర్రాబిన్ గోడల మీద ఎగతాళి రాతల్లో "సున్నా-ఒకటి" పోయి, జట్టుకి మిగిలిన "ఆరు" వచ్చింది. మంత్రిగారు వెంటనే స్పందించారు. పోయిన గోల్స్‌ని అదే ఆటగాడు, అదే మైదానంలో, అదే ప్రత్యర్థి మీద మళ్ళీ కొడితే పాత ఖాతాలోనే జమ అవుతాయని సవరణ తెచ్చారు. దానికి పునరుద్ధరణ మ్యాచ్ అని పేరు. చారిత్రక వ్యక్తి కాబట్టి తానూ ఆడతానన్నారు. గోల్ అంపైరుగా నన్నే పెట్టారు.

ఆ శనివారం వచ్చినంత జనం మా ఊరికి వరదలప్పుడు కూడా రాలేదు. కంచె చుట్టూ కార్లు, టీవీ కెమెరాలు. అవతల కల్గూరా ముసలివాళ్ళు, ఇవతల మా ముసలివాళ్ళు. నెవ్‌ని బతిమాలి తీసుకొచ్చాం. పాత నిక్కరు బిగించి, మోకాలికి పట్టీ కట్టుకుని వచ్చాడు.

క్లారీ అతన్ని శాయశక్తులా అడ్డుకున్నాడు. మొదటి గోలప్పుడు బూటు లేసు ఊడింది. రెండోదప్పుడు నడుం పట్టేసింది. మూడోదప్పుడు ఆకాశంలో ఏదో కొత్తరకం పిట్టని చూస్తూ ఉండిపోయాడు. నేను మూడుసార్లు రెండేసి జెండాలు ఊపాను, మూడుసార్లు కార్లు కూశాయి. తొంభై తొమ్మిది. ఇంకొక్కటి. కానీ నెవ్ రొప్పుతున్నాడు, ఆట ముగిసే సైరన్‌కి వేళైంది.

అప్పుడు బంతి దొర్లుకుంటూ వచ్చి మంత్రిగారి చేతుల్లో పడింది. గోలు ఎదురుగా, పది బారల్లో. చుట్టుపక్కల ఎవరూ లేరు. పక్కనే నెవ్ చేతులు చాచి నిలబడ్డాడు.

"ఇలా ఇయ్యరా డెన్నిస్" అన్నాడు.

మంత్రిగారు నెవ్ వైపు చూశారు. కెమెరాల వైపు చూశారు. చిన్నప్పట్నుంచీ ఆలస్యం పడని మనిషి. తన్నారు.

టక్.

అదే కొయ్య. అదే చప్పుడు. ఆరోజు గాలి కూడా లేదు. సైరన్ మోగింది.

మైదానమంతా నా చేతుల వైపు చూసింది. చట్టప్రకారం, ఆటప్రకారం, నా మనస్సాక్షి ప్రకారం ఒక జెండా. ఎడమచెయ్యి కదిలిస్తుండగా క్లారీ కుంటుకుంటూ నెవ్ దగ్గరికెళ్ళి చెయ్యి కలిపాడు.

"మంచి కిక్కు, నెవ్" అన్నాడు. ఆ తర్వాత నా వైపు తిరిగాడు. "రాల్ఫ్, నేను కళ్ళారా చూశాను. తన్నింది నెవ్. నడిమిలోంచి పోయింది. ఒక సాక్షిగా రాసుకో."

"అదేంటయ్యా, తన్నింది నేను కదా" అన్నారు మంత్రిగారు.

కంచె మీదికి వంగి ఉన్న బెరిల్ ఫోను బయటికి తీసింది. "నువ్వా డెన్నిస్? అలాగైతే రాస్తాను. కొయ్యకి తగిలిన చప్పుడు ఊరంతా విన్నాం. ఇవాళ్టి మ్యాచ్. పాస్కో. సున్నా..."

వెనకెక్కడో ఎవడో ఊపిరి నిండా పీల్చుకోవడం వినబడింది. అది అరవడానికి ముందు పీల్చే ఊపిరి. కెమెరాలు కూడా అటు తిరిగాయి.

నాయకత్వమంటే ఏమిటో నేను ఆ క్షణంలో చూశాను. మంత్రిగారు కోపగించుకోలేదు, కమిషన్‌ని పిలవలేదు. చొక్కా సర్దుకున్నారు. గొంతు సవరించుకున్నారు.

"నెవ్ తన్నాడు" అన్నారు గంభీరంగా. "నేను దగ్గరుండి చూశాను."

ఇద్దరు సాక్షులు. చట్టం ముందు నేనెంత? రెండు జెండాలు ఊపాను. అవతలి చివర ఉన్న కల్గూరా గోల్ అంపైరు ఒక్క ప్రశ్నైనా వెయ్యకుండా రెండు జెండాలు ఊపాడు. కార్లన్నీ ఒక్కసారిగా కూశాయి. జనం కంచె దాటి పరుగెత్తుకొచ్చారు. చేతికర్రలవాళ్ళు కూడా వచ్చారు, దగ్గుతున్నవాళ్ళు కూడా వచ్చారు. క్లారీ నెవ్‌ని భుజానికెత్తబోయి ఈసారి నిజంగానే నడుం పట్టేసుకున్నాడు. నెవ్ నవ్వుతూ ఏడుస్తున్నాడు. నేనూ అంతే, తెల్లకోటు ఎందుకిచ్చారో ఆరోజు దాంతో కళ్ళు తుడుచుకుంటుంటే తెలిసింది.

సాయంత్రానికి బోర్డు మీద మళ్ళీ వంద రాశారు. రంగు ఇంకా పచ్చిగానే ఉంది. బెరిల్ తన సైటులో ఆ మ్యాచ్ ఎక్కించింది. ఆటగాళ్ళ పేర్ల వరసలో మంత్రిగారి పేరుకి ఎదురుగా "ఆడలేదు, సాక్షి మాత్రమే" అని ఉంది.

క్లబ్బులో నెవ్ తన స్టూలు మీద కూర్చున్నాడు, పక్కన క్లారీకి ఎవరో బీరు పోస్తున్నారు. మంత్రిగారు నన్ను మెల్లగా ఒక మూలకి తీసుకెళ్ళారు. ఆయన ముఖం పద్ధెనిమిదేళ్ళ కుర్రాడి ముఖంలా ఉంది.

"రాల్ఫ్, మనిద్దరి మధ్యే. నిజం చెప్పు. కొంచెం కూడా లోపలికి పోలేదా?"

"ఏది మంత్రిగారూ?" అన్నాను. "ఇవాళ మీరు ఆడలేదుగా."