పెద్దమ్మకుంటకు సముద్రం వచ్చింది

"తెలంగాణకు సముద్రం లేదన్న మాట ఇక మీదట ఎవరి నోటా వినపడకూడదు" అని పర్యాటక శాఖ మంత్రిగారు సంగారెడ్డి గెస్ట్ హౌస్‌లో పత్రికల వారిని పిలిచి ప్రకటించారు. ఉమ్మడి రాష్ట్రానికి అంత పొడుగు తీరం ఇచ్చిన దేవుడు మెదక్ జిల్లాకు అంగుళమైనా కేటాయించకపోవడం ప్రాంతీయ అసమానత అనీ, దేవుడి పొరపాట్లు దిద్దడానికే తమ ప్రభుత్వం ఉన్నదనీ వారు సెలవిచ్చారు. పటాన్‌చెరు ఫ్యాక్టరీల వెనకాల ఉన్న పెద్దమ్మకుంట గ్రామం చెరువును సముద్రంగా గుర్తిస్తూ ఆ సాయంత్రానికే ఉత్తర్వులు వెలువడ్డాయి. పని ఇంత చురుగ్గా జరగడం జిల్లా చరిత్రలో అదే మొదలు.

పెద్దమ్మకుంట సర్పంచి మొగులయ్య అప్పుడు గెస్ట్ హౌస్ వరండాలోనే ఉన్నాడు. పాపం, ఆయన సముద్రం అడగడానికి రాలేదు. నీళ్ల ట్యాంకర్ అడగడానికి వచ్చాడు. ఫ్యాక్టరీలు వదిలిన నీళ్లు చెరువులోకి, చెరువులోవి బావుల్లోకి, బోర్లలోకి దిగి, ఊళ్లో ఎక్కడ పంపు కొట్టినా ఉప్పగా, కిరసనాయిలు వాసనతో వస్తున్నాయి. తాగిన బర్రెలు పడిపోతున్నాయి. స్నానం చేసిన పిల్లలు గోక్కుంటూ బడికి పోతున్నారు. రోజుకొక ట్యాంకర్ మంజీర నది నీళ్లు ఇస్తే ఊరు బతుకుతుంది. ఆ పొద్దున ఆయన చెప్పులేసుకుంటుంటే భార్య పుష్పమ్మ, "ట్యాంకర్ తేకపోతే ఈసారి నా ఓటు గూడ నీకు ఎయ్య, ముందే జెప్తున్న" అన్నది. ఆమె ఊరికే అనే మనిషి కాదు.

నిజం చెప్పాలంటే ఈ సముద్రానికి మూలపురుషుడు మొగులయ్యే. ఆయన మొత్తుకోగా మొత్తుకోగా చెరువు నీళ్లను పరీక్షకు పంపారు. బంగాళాఖాతంలో కంటే ఇందులో ఉప్పు ఎక్కువుందని తేలింది. మామూలు మంత్రులైతే కంగారు పడేవారు. మన మంత్రిగారు కళ్లజోడు తుడుచుకొని, "ఇంత ఉప్పుంటే దాన్ని ఇంకా చెరువు అనడం దాన్ని అవమానించడం కాదా?" అన్నారు.

బీచ్ పనులకు ప్రత్యేకాధికారిగా వెంకటేశ్వరరావుగారిని వేశారు. ఆయన కాకినాడ మనిషి కాబట్టి సముద్రం సంగతులు ఆయనకు తెలిసి ఉంటాయని ప్రభుత్వం భావించింది.

"కంగ్రాచ్యులేషన్స్ సర్పంచ్ గారూ. మీది ఇప్పుడు తీరప్రాంత గ్రామం."

"మంచిదే సారూ. మరి ట్యాంకర్ సంగతేంది?"

"ట్యాంకర్లు కరువు గ్రామాలకండీ. సముద్రం పక్కన కూర్చొని నీళ్లు లేవంటే ఆడిట్ వాళ్లు నవ్వుతారు."

"సముద్రం నీళ్లు ఎవలన్న తాగుతరా సారూ?"

"తాగమని మేం అన్నామా? చూడమన్నాం. మీరు ప్రారంభోత్సవం జయప్రదం చేయండి. ఆ రోజు రెండు ట్యాంకర్ల మంజీర నీళ్లు నేనే తెప్పిస్తాను. తర్వాత రోజూ వచ్చేలా మంత్రిగారితో మాట్లాడతాను."

రెండు ట్యాంకర్లనేసరికి మొగులయ్యకు సముద్రం మీద కొంచెం ప్రేమ పుట్టింది. ఊరంతా తిరిగి, ఎవరూ దాన్ని చెరువు అనొద్దని చెప్పి వచ్చాడు.

మంజీర ఇసుక లారీల్లో వచ్చి ఒడ్డు మీద పడింది. సిమెంటు కొబ్బరిచెట్లు లేచాయి. మామూలు కొబ్బరిమొక్కలు కూడా నాటారు గాని అవి వారం తిరగకముందే ఎండిపోయాయి. ప్రచార శాఖ నుంచి కమలాకుమారిగారు తీరం చరిత్ర రాయడానికి జీపులో దిగారు. ఊళ్లోకెల్లా పెద్దది బక్కమ్మ కాబట్టి మొగులయ్య ఆమె దగ్గరికి తీసుకుపోయాడు.

"అవ్వా, ఈ సముద్రం మీద వెనకటికి ఓడలేమైనా తిరిగేవా?"

"ఏ సముద్రం బిడ్డా?"

మొగులయ్య దగ్గాడు. బక్కమ్మకు గుర్తొచ్చింది.

"గీ సముద్రమా. అండ్ల మేము బతుకమ్మలను ఏసేటోళ్లం. పూలన్ని నీళ్ల మీద తేలుకుంట పోయేటియి. ఇప్పుడు ఏస్తలేం. పువ్వు మాడిపోతున్నది. ప్లాస్టిక్ డ్రమ్ముల నీళ్లు పోసి అండ్లనే సాగదోలుతున్నం."

చెప్తూ చెప్తూ ముసలామెకు కళ్లల్లో నీళ్లు తిరిగాయి. కమలాకుమారిగారు శ్రద్ధగా రాసుకున్నారు. 'తీరానికి స్వాగతం' అనే పుస్తకంలో అది ఇలా అచ్చయింది: "ప్రాచీన కాలం నుండి ఇక్కడి స్త్రీలు అలంకరించిన నౌకలను సాగనంపేవారు. ఈ ఓడరేవు ప్రాభవాన్ని తలచుకొని వృద్ధులు నేటికీ కంటతడి పెడతారు." ఆకర్షణల కింద, ఫ్యాక్టరీ షిఫ్టు మారినప్పుడల్లా రంగు మారే సముద్రం దేశంలో ఇదొక్కటేననీ, చేపల వాసన లేని బీచ్ కూడా ఇదొక్కటేననీ, ఇక్కడ దోమ సైతం బతకదనీ రాశారు. ఇందులో ఒక్క అబద్ధం లేదు.

అంతా అమరింది గాని వెంకటేశ్వరరావుగారికి నిద్ర కరువైంది. సముద్రానికి అలలు లేవు. మంత్రిగారు వచ్చేసరికి అలలు లేకపోతే తన ఉద్యోగం ఉండదని ఆయన ఒడ్డున తలపట్టుకు కూర్చున్నారు. మొగులయ్యకు తన ట్యాంకర్లు కళ్ల ముందే వెనక్కి పోతున్నట్టు కనిపించాయి. ఆ ఆత్రంలో నోరు జారాడు.

"అలలు రాత్రిపూట వస్తయి సారూ. అగో, ఆ ఫ్యాక్టరీలకెల్లి వాల్వు ఇప్పుతరు. మోకాలెత్తు నురుగు లేస్తది. మబ్బు వట్టిన రోజైతే ఇంక ఎక్కువ."

ఇద్దరూ జీపెక్కి ఫ్యాక్టరీకి పోయారు. మేనేజరు ఛాతీ మీద చెయ్యి పెట్టుకున్నాడు. "మా కంపెనీ నుంచి ఒక్క బూంద్ నీళ్లు కూడా బయటికి పోవు సార్. రాత్రి వాల్వు అంటారా, ఆ వాల్వే లేదు మాకు."

"అయ్యో, అలాగా" అన్నారు వెంకటేశ్వరరావుగారు నిరాశగా. "అలలు ఇచ్చే కంపెనీకి స్టేజీ మీద శాలువా కప్పి, పర్యాటక మిత్ర అని బిరుదిద్దామన్నారు మంత్రిగారు. వేరే కంపెనీని అడుగుతాం."

మేనేజరు ఛాతీ మీది నుంచి చెయ్యి తీశాడు.

"ప్రెషర్ ఎంత కావాలి సార్?"

అక్కడికక్కడే మాట అయిపోయింది. ఇక మీదట పర్యాటకుల సౌకర్యార్థం పగలు కూడా వదులుతారు. రాత్రి వదిలేదానికి ఇది అదనం.

"పగలు గూడ ఇడిస్తే మా పొలాలల్లకు వస్తది గద సారూ" అన్నాడు మొగులయ్య.

"ఆటుపోట్లు సహజం సర్పంచ్ గారూ. మా కాకినాడలో మేం ఎప్పుడూ కంప్లయింట్ చేయలేదు."

ఇన్నేళ్లు ఏ వాల్వు మూయించాలని తిరిగాడో దాన్ని తానే పగలు కూడా తెరిపించినందుకు మొగులయ్యకు తన చెంపలు తానే వాయించుకోవాలనిపించింది. ట్యాంకర్లు వస్తాయి కదా అని మనసు కుదుటపరచుకున్నాడు.

ప్రారంభోత్సవం నాడు అన్నమాట ప్రకారం రెండు ట్యాంకర్లూ వచ్చాయి. పొద్దున్నుంచే ఆడవాళ్లు బిందెలతో వరసగట్టారు. ముందు పుష్పమ్మ, ఆమె వెనక బక్కమ్మ. మొగుడు ఇన్నాళ్లకు ఒక పని చేశాడన్నట్టు పుష్పమ్మ మొగులయ్య వైపు చూసింది. ఆయన మీసం తడుముకున్నాడు.

అంతలో మంత్రిగారి వెంట వచ్చిన డాక్టరు చెరువు వాసన చూసి, వారు ఇందులో పాదం మోపడానికి వీల్లేదన్నాడు. సముద్రాన్ని ప్రారంభించడానికి వచ్చిన మంత్రి పాదం మోపకుండా పోతే ప్రజలు ఏమనుకుంటారు? ఒడ్డు మీద ఇసుక బస్తాలు గుండ్రంగా పేర్చారు. లోపల టార్పాలిన్ పరిచారు. రెండు ట్యాంకర్ల నీళ్లూ అందులోకి వదిలారు.

"సారూ, అవి మా తాగేటి నీళ్లు" అన్నాడు మొగులయ్య.

"ఎక్కడికి పోతాయండీ. రెండు పాదాలే కదా" అన్నారు వెంకటేశ్వరరావుగారు.

మంత్రిగారు పంచె ఎత్తి ఆ నీళ్లలో నిలబడ్డారు. వెనకాల చెరువులో ఫ్యాక్టరీవారి అలలు లేచాయి. మేనేజరుకు శాలువా పడింది. ఉపన్యాసం సగంలో ఉండగా నురుగు ఇసుక బస్తాల దాకా రావడంతో మంత్రిగారు మిగతాది కారులో కూర్చొని పూర్తి చేసుకుంటామని వెళ్లిపోయారు.

ఆడవాళ్లు మాత్రం కదల్లేదు. బక్కమ్మ టార్పాలిన్ వైపు చూసింది.

"మంత్రి కాళ్లే గదనే. యాసిడ్ అయితే కాదు" అని బిందె ముంచింది. ఆమె వెనక పుష్పమ్మ, పుష్పమ్మ వెనక ఊరంతా. విలేకరులు ఫోటోలు తీసుకున్నారు.

మర్నాడు మొగులయ్య ట్యాంకర్ మాట అడగడానికి వెంకటేశ్వరరావుగారి ఆఫీసుకు పోయేసరికి బల్ల మీద పేపరు పరిచి ఉంది. 'పెద్దమ్మకుంట సముద్రానికి పోటెత్తిన జనం' అన్న హెడ్డింగు కింద బిందె ముంచుతున్న పుష్పమ్మ ఫోటో.

"మంత్రిగారు ఎంత సంతోషించారో" అన్నారు వెంకటేశ్వరరావుగారు. "సముద్రం నీళ్లు ఇంత ఇష్టంగా ఇళ్లకు పట్టుకెళ్తున్న ప్రజలకు ట్యాంకర్లు పంపి అవమానించొద్దని చెప్పారు. ఆ ఫైలు మూసేశాం. ఇంతకీ నీళ్లు ఎలా ఉన్నాయట?"

మొగులయ్య పేపరు మడిచి పక్కన పెట్టాడు.

"తియ్యగున్నయి సారూ" అన్నాడు. "మంత్రిగారు జెర రోజుకొక్కసారి వచ్చి కాళ్లు పెట్టిపోతే, ఇగ మాకు ఏ ట్యాంకరూ అక్కర లేదు."

వెంకటేశ్వరరావుగారు డైరీ తిరగేశారు.

"రోజూ అంటే కష్టమండీ. నెలకోసారికి అడిగి చూస్తాను."