ఎడమచోటు ఖాళీ

ఆ పట్నంలో ప్రతి మనిషి పేరు కిందా పిల్లలకు రెండు చోట్లు ఉంటాయి, ఎడమొకటి, కుడొకటి. బిడ్డ పుట్టినా పుట్టకపోయినా చోటు చోటే, దానికీ నెలనెలా రేషన్ వస్తుంది. వరహాలమ్మకు ఉన్నది ఒక్కతే కూతురు, హారిక. ఆసుపత్రి గుమస్తా ఏ ధ్యాసలో ఉన్నాడో ఏమో, పుట్టిన రోజే పిల్లను కుడిచోట రాసేశాడు. ఖాళీ ఎడమకు బియ్యం వస్తున్నాయి కదా అని ఆరేళ్లూ వరహాలమ్మ కిమ్మనలేదు.

గొడవ బడి దగ్గర వచ్చింది. ఇంటికి ఒక్కటే సీటు, అది ముందు ఎడమకు. సాయంత్రం అయిదింటికి జాబితా మూసేస్తారనగా, నాలుగున్నరకు, వరహాలమ్మ పిల్ల చెయ్యి పట్టుకుని వంశవృక్ష శాఖకు పరుగెత్తింది.

పట్నాయక్ గారు ఆ శాఖలో పాతికేళ్లుగా ఉన్న గుమస్తా. మంచి మనిషే. ఫైలు తిరగేశారు.

"ఎడమ ఖాళీగా ఉంది కదమ్మా."

"అదే బాబూ. మా పిల్లని అటు జరిపీండి."

"జరపొచ్చు. ఫారం ఉంది. కానీ ఎడమన పిల్లున్న ఇల్లు వేరు, కుడిన పిల్లున్న ఇల్లు వేరు. మనుషులు వాళ్లే అయినా ఇల్లు అది కాదు. జరిపితే ఈ పిల్లకి నువ్వు తల్లివి కావు. ఆ ఇంటికి తల్లిని మేం చూసి పెడతాం."

"పోనీ, ఆ ఎడమచోటు కొట్టీండి బాబూ."

"చోటుని కొట్టీడానికి రూలు లేదమ్మా. బిడ్డనైతే కొట్టీయొచ్చు."

హారిక తల్లి కొంగు గట్టిగా పట్టుకుంది. పావు తక్కువ అయిదయింది.

"ఎడమని చేర్పించీ," అన్నారాయన. "దాని చదువయ్యాక సీటు కుడిదానికి వస్తుంది. ఇవాళ చేర్చకపోతే ఆ సీటూ పోద్ది."

వరహాలమ్మకు ఏడుపొచ్చింది, ఒళ్లు మండింది కూడా. రెండూ దిగమింగి, ఎడమ పేరు మీద సంతకం పెట్టింది.

జూన్ నుంచి ఎడమ బడికి పోతోంది. హారిక దాని సంచీ మోసుకెళ్లి మూడో బెంచీ మీద పెట్టి, బయట అరుగు మీద కూర్చుంటుంది. కిటికీలోంచి వినపడిన పాఠమల్లా వల్లె వేస్తుంది. ఏడాది చివర ఎడమకు సత్ప్రవర్తన బహుమతి వచ్చింది. వరహాలమ్మ పట్టుచీర కట్టుకుని వెళ్లి అందుకుంది.

ఇంటికొచ్చాక హారిక పన్నెండో ఎక్కం గడగడా అప్పజెప్పింది. ఎక్కడా తప్పు పోలేదు.

"ఏటా వాగుడు?" అంది వరహాలమ్మ, రెండు కంచాల్లో అన్నం వడ్డిస్తూ. "దాన్ని చూసి నేర్చుకో. ఒక్కనాడైనా నోరెత్తిందా?"

హారిక నోరు మూసుకుంది. వరహాలమ్మ మురిసిపోయి తల నిమిరింది.