రెండు వైపులా తోసిన బండ

ఒక పెద్ద అడవి. ఎంత పెద్దదంటే, అక్కడ పని ఒక్కటుంటే దాన్ని చెయ్యడానికి పక్షాలు రెండుండేవి. కొమ్ములున్న వాళ్లది కొమ్ముల పక్షం, దానికి నాయకుడు అడవిదున్న. కోరలున్న వాళ్లది కోరల పక్షం, దానికి నాయకుడు అడవిపంది. కొమ్ములూ కోరలూ లేని ఓబులేసు లాంటి వాళ్లు ఇద్దరికీ దండాలు పెట్టుకుంటూ బతికేవారు.

ఓబులేసు ముళ్లపంది. కొండవాలులో ఒక బొరియ, అందులో నిండు చూలాలైన భార్య తిమ్మక్క, అదే అతని లోకం. వానాకాలంలో ఒక పొద్దున అతను దుంపలకు వెళ్లొచ్చేసరికి, పైనుంచి జారిన బండ ఒకటి బొరియ మూతికి అడ్డంగా కూర్చుని ఉంది. పక్కన కాస్త సందు మిగిలింది గానీ, అందులో దుంప పడుతుంది, తిమ్మక్క పట్టదు.

ఓబులేసు వీపు ఆనించి తోశాడు. ముళ్లు విరిగాయి, బండ ఉలకలేదు. ఏడుపు దిగమింగుకుంటూ అడవి సభకు పరుగెత్తాడు.

సభాధ్యక్షుడు ఎలుగుబంటిది మెత్తని మనసు. సంగతి విని కళ్లు తుడుచుకున్నాడు. బండ అంత బరువుండటం అన్యాయమని, దాని బరువును తక్షణం సగానికి తగ్గిస్తున్నామని తీర్మానం పెట్టాడు. ఏకగ్రీవంగా నెగ్గింది. అందరూ కొండవాలుకు వెళ్లి తీర్మానాన్ని బండకు చదివి వినిపించారు. బండ పాత బరువుతోనే కూర్చుంది. సభను ధిక్కరించినందుకు దాన్ని గట్టిగా ఖండించి, ఇక తోయక తప్పదని తేల్చారు.

అక్కడ పేచీ వచ్చింది. మేమే తోస్తామన్నాడు దున్న. మీకెవరిచ్చారా హక్కు, మేం తోస్తామన్నాడు పంది. కొట్టుకునేదాకా వచ్చేసరికి కార్యదర్శి నక్క లేచాడు. నక్కకు తెలివి ఎక్కువ, ఆకలి అంతకంటే ఎక్కువ. బండ తొలగింపు సంఘం ఒకటి పెట్టించి, బండ తొలిగేదాకా సంఘానికి అడవంతా తేనె పంపాలని అప్పటికే ఒప్పించుకున్నాడు.

“ఎవరి మనసూ నొప్పించొద్దు. కొమ్ములు పడమటి నుంచి తోయాలి, కోరలు తూర్పు నుంచి తోయాలి. అటు ఎంత బలమో ఇటూ అంతే బలం. ఇకమీదట ఈ అడవిలో ఏ బండకైనా ఇదే చట్టం” అన్నాడు.

న్యాయమంటే ఇదీ అని సభంతా చప్పట్లు కొట్టింది. ఓబులేసు కూడా కొట్టాడు. పాపం, అంత న్యాయం అతను ఎప్పుడూ చూడలేదు.

తోపుడు మొదలైంది. గిట్టలు నేలలో దిగబడ్డాయి, నోళ్లు నురగలు కక్కాయి. బండ వెంట్రుకవాసి జరగలేదు. చరిత్రలో ఏ బండ మీదా ఇంత బలం పడలేదని ఎలుగుబంటి మురిసిపోయాడు. చాలకపోతే పెంచుదామన్నాడు నక్క. తూర్పుకు ఒక ఏనుగును ఇచ్చారు. పడమటికి ఆ ఏనుగుకు సరితూగేన్ని దున్నలను ఇచ్చారు. బండకు రెండు వైపులా మంచి ఆసరా దొరికింది.

సందులోంచి తిమ్మక్క గొంతు వినిపించింది. “ఏమయ్యా, పొద్దున్నుంచీ అంతమంది మూలుగుతాండారు, బండేమో ఆడనే ఉండాది. వాళ్లు దాన్ని తోస్తాండారా, పట్టుకోనుండారా?”

“పెద్దోళ్లు చూసుకుంటాండారులే. నువ్వు దుంప తిను” అన్నాడు ఓబులేసు. అలా అన్నాడే గానీ అతనికీ లోపల దిగులు పట్టుకుంది.

పిల్లలు లోపలే పుట్టారు. ఓబులేసు సందులోంచి వాళ్ల మూతులు మాత్రం చూడగలిగాడు. నవ్వబోయి ఏడ్చేశాడు. పిల్లలు పెరిగేకొద్దీ లోపల గాలి చాలడం లేదు, తిమ్మక్క గొంతు రోజురోజుకీ సన్నబడుతోంది.

అలాంటి సమయంలో నక్క కబురు పెట్టాడు. ఇంత కష్టపడుతున్న నాయకులిద్దరికీ బాధితుడు దండలు వేయాలట, అదీ బండ తోస్తుండగా అందరూ చూసేలా వేయాలట. ఓబులేసు అడవిపూలతో రెండు దండలు గుచ్చాడు. వాటితో బొరియ దగ్గరికి వచ్చేసరికి తిమ్మక్క ఆకలికి నీరసించి ఉంది. మర్యాదలు తరవాత చూసుకోవచ్చని అతను ఒక దండను సందులోకి తోసేశాడు.

మిగిలిన దండను దగ్గర్లో ఉన్న పంది మెడలో వేశాడు. అవతలి వైపు తోస్తున్న దున్న తలెత్తాడు.

“మరి నాది?”

“మా ఇంటిది తినింది సామీ.”

కొమ్ముల వంశానికి ఇంతటి అవమానం ఎన్నడూ జరగలేదన్నాడు దున్న. బండను వదిలేసి, తన వాళ్లందర్నీ వెంటబెట్టుకుని వాకౌట్ చేసి పక్క దారిన వెళ్లిపోయాడు. కోరల పక్షం కళ్లు మూసుకుని తోస్తూనే ఉంది.

బండ కదిలింది.

కదిలిన బండ పడమటి వాలు పట్టుకుంది. ఎలుగుబంటి ఆగమని ఆదేశించాడు. అది ఆగలేదు. సభను వాయిదా వేశాడు. సభ వాయిదా పడింది గానీ బండ పడలేదు. పొదలు తొక్కుకుంటూ, పోనుపోను ఇంకా ఊపందుకుంటూ వెళ్లి వెళ్లి, కింద గట్టుకు కొట్టుకుని ఆగింది. ఆగిన చోటు నక్క గుహ ద్వారం. లోపల నక్క సంఘం తేనె తాగి కునుకు తీస్తున్నాడు.

ఇక్కడ తిమ్మక్క పిల్లలతో బయటికొచ్చింది. ముళ్లు గుచ్చుకుంటున్నా ఓబులేసు పిల్లలను వదలకుండా హత్తుకున్నాడు.

అక్కడ గుహలోంచి నక్క మొత్తుకుంటున్నాడు. “ఒక్క వైపు నుంచే తోయండప్పా. కొమ్ములో, కోరలో, ఎవరో ఒకరు తోయండి.”

ఎలుగుబంటి మళ్లీ కళ్లు తుడుచుకున్నాడు. “చట్టం నువ్వు చెప్పిందే కదయ్యా” అని, కొమ్ములను ఒక వైపు, కోరలను ఒక వైపు నిలబెట్టాడు. అలిగిన దున్నను బతిమాలి తెచ్చారు. దండలు వేయడంలో అనుభవం ఉందని ఆ పని ఓబులేసుకే అప్పగించారు.

ఈసారి ఓబులేసు తిమ్మక్కకు ముందే కడుపు నిండా పెట్టాడు. ఒక్క పువ్వయినా ఎక్కువ తక్కువ లేకుండా రెండు దండలు గుచ్చి, నాయకులిద్దరి మెడల్లోనూ భక్తిగా వేశాడు. ఆ బండ ఇప్పటికీ అక్కడే ఉందట.

ఇందులో నీతి: బండను కదిలించేది బలం కాదు, సమయానికి వచ్చిన అలక.