మూడవవంతు పియాలా సంగ్రామము

తియెన్‌షాన్ శిఖరములు తమ తెల్లని తలపాగాలు ఇంకను విప్పక, నరిన్ నది కరగిన మంచును మోసికొని బురదవర్ణమున ఘూర్ణిల్లుచుండ, గొఱ్ఱెల యీనికలు ముగిసి ఆలుగడ్డల నాట్లు మొదలుకాని ఆ కొలదిదినముల సంధికాలమున, ఆత్‌బాషీ చేరువనున్న యొక గ్రామములో, నీలితలుపుల యింట, శుక్రవారము ఉదయము తొమ్మిది గంటల నలుబది నిమిషములకు ఘోరసంగ్రామ మొకటి మొదలయ్యెను. ఓ ఉప్పా! ఓ ఉడుకునీరా! ఈ కథకు కారణములు మీరే, సాక్షులును మీరే. కావున అన్యదేవతలను శ్రమపెట్టక మిమ్మునే తలచుచున్నాను.

తొలుత కారణము చెప్పవలెను. కారణము తెలియని యుద్ధము వట్టి కొట్లాట. ఆ యింటి కెలిన్, అనగా కోడలు, బురుల్, ఇరువదినాలుగేండ్ల వీరాంగన, పట్టణమందలి నర్సుల కళాశాలలో సన్నాహకతరగతికి చేరగోరెను. షరతు ఒక్కటే: పండ్రెండు రసాయనశాస్త్ర పాఠములను ఫోనులో చూచి, వాని వెంటవచ్చు అభ్యాసప్రశ్నలను ఆ శుక్రవారము మధ్యాహ్నము పండ్రెండు గంటలలోపున ముగింపవలెను. తప్పినచో మరల వచ్చు వసంతమే. పదునొకండు పాఠములను ఆమె పాలు పితుకుచు, పిండి పిసుకుచు, పిడకలు పేర్చుచు నిర్మూలించెను. పరమాణువు పాదాక్రాంతమయ్యెను. ఆరు ప్రక్కన ఇరువదిమూడు సున్నలు పెట్టినంతటి కణసేనను ఒక్క పేరున కట్టివేయు మోల్ అను మహాదైత్యుడు సైతము, గొఱ్ఱెలను మందలుగా లెక్కించుట యెరిగిన ఆ కోడలి యెదుట తలవంచెను.

మిగిలినది పండ్రెండవ పాఠములోని కట్టకడపటి ప్రశ్న. తెల్లచొక్కా తొడిగిన నగరవాసి యగు ఉపాధ్యాయుడు దానిని చిరునవ్వుతో చదివెను: ఆరు లీటర్ల టీలో ముప్పదియైదు పాయింటు ఒక గ్రాము ఉప్పు కరిగించితిమి. రెండువందల మిల్లీలీటర్ల పియాలా ఒకదానిలో ఎన్ని మోల్‌ల ఉప్పుండును? అవకాశములు మూడు, మూడును వ్యర్థమైనచో పాఠము మొదటినుండి చూడవలెను, అది గంటన్నర.

బురుల్ ఉప్పు గ్రాములను యాబదియెనిమిదిన్నరచే భాగించి మోల్‌లో పదింట ఆరువంతులు సాధించెను; దానిని ఆరు లీటర్లకు పంచి, లీటరుకు పదవవంతు అని తేల్చెను. ఇంతవరకు దోషములేదు. దోషము పియాలాయందు పొంచియుండెను.

ఏలయన నాలుగేండ్లుగా ఆ యింట టీ పోయుచున్నది ఆమెయే. పియాలాలో మూడవవంతు పోయుట ఆదరము. అది ముగియగనే మరల మూడవవంతు పోయుట మరింత ఆదరము. నిండుగ పోయుట యన్నచో, ‘త్రాగి లేచి పొండు’ అని నోరు విప్పకయే చెప్పుట. ఈ ధర్మము ఆమె మనస్సున గాక మణికట్టున నివసించెను. కావున పియాలా యన్న మాట వినబడగనే ఆమె గణితము దానంతట అదియే మూడుచే భాగించి, 0.007 అని వ్రాసెను.

ఎఱ్ఱగుర్తు! ‘సంక్షిప్తము చేసినందుకు యంత్రము అలిగినది కాబోలు’ అని తలచి, ఆమె మరింత నిశితముగ 0.0067 అని వ్రాసెను. మరల ఎఱ్ఱగుర్తు. రెండు బాణములు నేలపాలయ్యెను. అమ్ములపొదిలో ఒక్కటి మిగిలెను.

అప్పుడు ద్వారమున నిలిచెను తొక్తొబూబూ! మామగారి అక్క, శుక్రవారాధీశ్వరి, బోర్సోక్ రొట్టెముక్కల పర్వతములను వెన్నలో ముంచి నేలమట్టము చేయగల ప్రచండజఠరాగ్ని, ఒకమారు పరుపుపై ఆసీనురాలైనచో నాలుగు గంటలు కదలని అచలకాయ.

“ఏమే సాల్కిన్, నీ కెలిన్ ఆ ఫోన్‌లో మొహం పెట్టుకుని కూర్చుంది. టీ ఎవరు పోస్తారు, అందులో ఉన్న ఆ చొక్కా ఆయనా?”

అత్తగారగు సాల్కిన్ ఆ అక్కగారిని చూచి పొడిగా నవ్వెను. “చదువుకుంటోంది ఎజే. మధ్యాహ్నంలోపు అయిపోవాలట.”

“చదువా! పెళ్లయ్యాక చదువేమిటే? నేను ఏం చదివానని తొమ్మిదిమందిని కన్నాను?”

“దానికి చదువక్కర్లేదులే ఎజే,” అని సాల్కిన్ రొట్టె విరిచెను. “కెలిన్! చదువు చదువే, టీ టీయే. రా.”

ఇచట కార్యకారణముల గొలుసును జాగ్రత్తగ చూడవలెను. ఆదరము మూడవవంతు, కావున పియాలా రెండు నిమిషములకే ఖాళీ, కావున బురుల్ రెండు నిమిషములకొకమారు లేవవలెను, కావున ఏ యాలోచనయు రెండు నిమిషములు దాటి బ్రతుకదు. పది గంటలకు తొక్తొబూబూ తన మోకాలి కథ మొదలిడెను. పదునొకండింటికి ఎడమ మోకాలు ముగిసెను. పదునొకండు నలుబదికి ఏబదవ పియాలా ఖాళీయయ్యెను.

బురుల్ పొయ్యి చెంత నిలిచి ఫోనుతో మనస్సులోనే ఇట్లు గర్జించెను: “ఓరీ దీర్ఘచతురస్ర దురాత్ముడా! కరచరణములు లేకయే నన్ను రెండుమారులు పడగొట్టితివి. గొఱ్ఱె కడుపున అడ్డుపడిన పిల్లను వట్టిచేతులతో లాగి బ్రతికించినదానను, నీ రెండువందల మిల్లీలీటర్లకు వెఱతునా? చెప్పుము, నీ రెండువందలు ఎచట దాగియున్నవి!”

“కెలిన్, నా పియాలా ఎండిపోయి బీటలు వారుతోందమ్మా!” అని తొక్తొబూబూ ఘోషించెను.

“వస్తున్నా పెద్దపా.”

ఆమె కెటిలు వంచెను. కన్నులు పియాలాపై నున్నవి గాని చూపు ప్రశ్నపై నుండెను. రెండువందలు... ఈ గీతవరకు అరువదో డెబ్బదియో... ఈ పూవువరకు నూరు... ఇంకను రెండువందలు కాలేదు... ఇంకను... టీ పూవును దాటెను, నీలిగీతను దాటెను, అంచును ముద్దాడి, అచట ఉబ్బి, వణకుచు నిలిచెను.

వెన్నలో మునిగిన రొట్టెముక్క తొక్తొబూబూ వ్రేళ్లనడుమ స్తంభించెను. ఆమె నిండుపియాలాను చూచెను, కోడలిని చూచెను, మరల పియాలాను చూచెను.

“ఓహో,” అనెను. “అర్థమైందమ్మా. బాగా అర్థమైంది. నా కుడి మోకాలు ఇంకా చెప్పనే లేదు.”

ఇట్టి వేళ గృహిణి గుండెలు బాదుకొని, కోడలిని తిట్టి, అతిథి చేయి పట్టుకొని కూర్చుండబెట్టవలెనని ధర్మము. సాల్కిన్ ధర్మమును క్షణకాలము తలచెను. పదునొకండేండ్ల శుక్రవారములను మరికొంత దీర్ఘముగ తలచెను.

“అయ్యో, అప్పుడే వెళ్తారా ఎజే?” అని లేచెను. “ఇదిగో మీ కోటు.”

తలుపు మూసికొనెను. గోడమీది గడియారము పదునొకండు ఏబదిమూడు చూపెను.

“అపా, కావాలని పోయలేదు,” అని బురుల్ పాలిపోయిన మోముతో అత్తతో పలికెను. “రెండువందలు ఎంతవరకు వస్తాయో చూస్తూ... నిండితేగానీ రెండువందలు కాలేదు...”

అంతట ఆమె చటుక్కున ఫోను వైపు తిరిగెను.

“అపా! ఆయన నిండా పోశాడు!”

“ఎవరే?”

“వీడియోలో ఆ అగాయ్. పియాలా నిండా పోసి లెక్క కట్టాడు!”

“ఛీ,” అని సాల్కిన్ చెవులు మూసికొనెను. “పంతులై ఉండి ఇంటికొచ్చినవాళ్లని తరిమేస్తాడా? అలాంటివాడి దగ్గరా నువ్వు నేర్చుకునేది?”

“టౌనువాళ్లు అంతే అపా!”

ఆ వీరాంగన కడపటి బాణమును సంధించెను. లీటరుకు పదవవంతు, రెండువందల మిల్లీలీటర్లన్న లీటరులో అయిదవవంతు, నిండుగ, నిర్దాక్షిణ్యముగ, మర్యాదాభంగకరముగ నిండుగ! 0.02 అని వ్రాసి, బొటనవ్రేలితో శత్రువు నుదుట పొడిచెను. తెరపై చిన్న వలయము తిరిగెను. పాలపైన మీగడ కట్టునంతటి సేపు తిరిగెను. పదునొకండు ఏబదియెనిమిదికి ఆగెను.

ఆకుపచ్చగుర్తు! దాని క్రింద, ‘మీరు సన్నాహకతరగతికి నమోదయితిరి’ అను పంక్తి.

బురుల్ అరవలేదు, ఫోనును గుండెకు హత్తుకొని పరుపుపై, శత్రువు విడిచిన వెచ్చని పల్లములో, కూలబడెను. సాల్కిన్ ఆ పంక్తిని అక్షరమక్షరముగ రెండుమారులు చదివెను. చదివి, కొంగుతో తెరను తుడిచి, మూడవమారు చదివెను. పిదప తన పియాలాను ముందుకు చాచెను. బురుల్ మణికట్టు తన ధర్మమును మరువలేదు: మూడవవంతే పోసెను.

“ఇప్పుడు చెప్పు, ఇందులో ఎంత ఉప్పుందట?”

“ఇదీ రెండువందల పియాలాయే, ఆ లెక్క ఉప్పే అనుకుంటే... సున్నా పాయింటు సున్నా సున్నా ఆరు ఏడు, అపా.”

“ఇందాక నువ్వు రాసింది అదే కదే?”

“అదే.”

“అయితే నువ్వు రైటే,” అని సాల్కిన్ టీ చప్పరించెను. “ఆ ఫోనుకే పెంపకం లేదు.”

వినుడు, లోకులారా! ఆ దినమున ఏ కోటయు కూలలేదు, ఏ రాజ్యమును చేతులు మారలేదు. గెలిచినది గోరంత పచ్చగుర్తు, గోడచెంత ఖాళీయైన పరుపొకటి. చిందిన రక్తము లేదు, చిందిన టీ మాత్రము రెండు చుక్కలు. వచ్చు శుక్రవారము తొక్తొబూబూ తప్పక వచ్చును, కుడి మోకాలు మిగిలియున్నది. అయిన నేమి? ఆ వేళకు కోడలు తరగతిలో నుండును. కెటిలు సాల్కిన్ చేతిలో నుండును. పియాలా ఎంతవరకు నిండునో ఆమె యిప్పటికే నిశ్చయించుకొనియుండెను.