కిష్టప్ప గుండెకు ఎర్ర చీటీ

శనివారం పొద్దున కిష్టప్ప వేసుకున్న ప్లాను చిన్నదే. పటాన్‌చెరు క్లినిక్‌లో ఏడాదికోసారి చేయించే పరీక్ష ముగించుకుని, ఆ కాగితం ఫ్యాక్టరీలో ఇచ్చేసి, మధ్యాహ్నం రెండు గంటల షిఫ్టుకు పంపు దగ్గర కూర్చోవాలి. మందుల ఫ్యాక్టరీ అంతటికీ చల్లనీళ్లు తిప్పే ఆ పంపును పద్దెనిమిదేళ్లుగా అతనే చూస్తున్నాడు. కాంట్రాక్టు మనిషే గానీ, ఈ లోకంలో తనది అని చెప్పుకునే చోటు ఆ పంపు పక్కన కుర్చీ ఒక్కటే.

డాక్టర్ హైమావతికి ఓపిక ఎక్కువ. రిపోర్టు వెనక బొమ్మ గీసి మరీ చెప్పింది. ఒళ్లంతా తిరిగి వాడిపోయిన రక్తం గుండె కుడివైపు చేరుతుంది. అక్కడి నుంచి ఊపిరితిత్తులకు పోయి, గాలి పట్టుకుని ఎడమవైపు వస్తుంది. ఎడమవైపు దాన్ని మళ్లీ ఒళ్లంతా తోస్తుంది. పోయిన రక్తం వెనక్కి రాకుండా దారిలో తలుపులుంటాయి.

"మీకు ఒక తలుపు దగ్గర కొంచెం లీకుంది," అందామె.

ఆ తర్వాత కూడా ఆమె ఏవో నాలుగు మాటలు చెప్పింది. కిష్టప్ప వినలేదు. బొమ్మ చూస్తున్నాడు. పోయే లైను, వచ్చే లైను, మధ్యలో చల్లబరిచే టవరు, అన్నీ తన ప్లాంటులో ఉన్నట్టే ఉన్నాయి.

"మేడం, దీనికి రెండో పంపు ఏడుంటది?"

"రెండోది ఉండదు. ఒక్కటే."

కిష్టప్పకు దిగులు పట్టుకుంది. ఏ ప్లాంటులోనైనా ఒకటి ఆగితే పక్కన ఇంకొకటి ఉంటుంది. యాభై రెండేళ్లుగా ఒక్క పూట ఆపకుండా ఒక్కదాన్నే నడుపుతున్నానని అతనికి ఇన్నాళ్లూ తెలియదు.

లీకున్న పంపుకు ఫ్యాక్టరీలో ఒక పద్ధతి ఉంది. ఎర్ర చీటీ కట్టి ఆపాలి. కట్టినవాడే వచ్చి విప్పాలి, ఇంకొకరు ముట్టకూడదు. ఆరేళ్ల కింద ఎవరో తొందరపడి విప్పేస్తే మిషను తిరిగి కిష్టప్ప బామ్మర్ది శ్రీశైలం రెండు వేళ్లు పోయాయి. అప్పటి నుంచి ఈ పద్ధతిని అందరికీ కూర్చోబెట్టి నేర్పింది కిష్టప్పే. షిఫ్టు మధ్యలో తాను పడిపోతే పంపు గతేమిటని భయపడి, ఆ మధ్యాహ్నం డ్యూటీ బోర్డు మీద తన పేరుకే చీటీ కట్టాడు. 'నడపరాదు. కారణం: గుండె తలుపు లీకు. కట్టినవారు: కిష్టప్ప.'

సూపర్‌వైజర్ రాజశేఖర్ చదివాడు. నవ్వలేదు. అతనూ పంపుల మనిషే.

"ఎనుకకు ఎంత వస్తున్నది?"

"జెరంత సార్."

"జెరంతతోనే మొదలైతది."

చీటీ ఉన్నప్పుడు చేయాల్సినవన్నీ అతను చేశాడు. శ్రీశైలాన్ని కుర్చీలో కూర్చోబెట్టాడు. చీటీ ఉన్న మనిషిని లోపలికి పంపొద్దని గేటు వాచ్‌మన్ యాదన్నకు చెప్పాడు. క్లినిక్ కాగితం ఎవరూ అడగలేదు.

ఇంట్లో భార్య మొగులమ్మ ఉప్పు మాన్పించింది, బిందె ముట్టనివ్వలేదు. మూడో రోజుకు చుట్టాలు కొబ్బరిబోండాలు పట్టుకొచ్చి, మంచం చుట్టూ కూర్చున్నారు. ఫిట్టర్ పోచయ్య అయితే బేరింగుల చప్పుడు వినే అలవాటు కొద్దీ స్క్రూడ్రైవర్ మొన ఛాతీకి ఆనించి, పిడికి చెవి పెట్టాడు.

"సప్పుడు మంచిగ లేదు కిష్టన్నా. లోడు తగ్గించు."

తగ్గించడానికి ఇక మిగిలింది మాటలే. కిష్టప్ప అవీ మానేశాడు. పగలంతా గోడవైపు తిరిగి పడుకుని ఆ చప్పుడే వినేవాడు. ఒక్కటే పంపు, ఆగితే ఎట్లా అని కళ్లలో నీళ్లు తిరిగేవి.

తొమ్మిదో రోజు హాస్టల్ నుంచి వచ్చిన కూతురు రేఖ ఆ కాగితాన్ని తిప్పి చదివింది.

"నాయినా, గీ లీకు మంచిగున్నోళ్లకు గూడ ఉంటదట. అన్ని పనులు చేసుకోవచ్చని డాక్టరమ్మ రాసిచ్చింది. నువ్వు ఎనుక బొమ్మనే సూసినవా?"

"బొమ్మ మంచిగ ఏసింది బిడ్డా," అన్నాడు కిష్టప్ప. ఆరు రోజుల తర్వాత అతను మాట్లాడిన మొదటి మాట అది.

ఉప్పేసిన కూరతో కడుపునిండా తిని ఫ్యాక్టరీకి పోయాడు. గేటు దగ్గర యాదన్న అడ్డం నిలబడ్డాడు.

"చీటీ ఉన్నది గదన్నా."

"ఇప్పుత. లోపటికి పోనియ్యి."

"ఇప్పినంక లోపటికి రా."

రాజశేఖర్ వచ్చి, కట్టినవాడే విప్పాలని కిష్టప్ప చెప్పిన పాఠమే కిష్టప్పకు చెప్పాడు. వెనకే శ్రీశైలం వచ్చాడు.

"బావా, నేనే ఇప్పుదామని రెండుసార్లు పోయిన. చెయ్యి రాలే," అంటూ మూడు వేళ్లు మిగిలిన ఆ చెయ్యి చూపించాడు. అతను విప్పి ఉంటే ముందు తిట్టేవాడు కిష్టప్పే.

గంటసేపు తర్జనభర్జన పడి, చివరికి బోర్డునే గోడ నుంచి ఊడదీసి నలుగురు గేటు దాకా మోసుకొచ్చారు. కిష్టప్ప ఊచల మధ్య నుంచి చెయ్యి పెట్టి ముడి విప్పాడు. చీటీ కింద తన పేరున్న చోట కొత్త రంగుతో శ్రీశైలం పేరు రాసి ఉంది.

"పంపు కాడ పేరు లేకుంట తొమ్మిది దినాలు ఎట్ల నడుస్తది కిష్టప్పా," అన్నాడు రాజశేఖర్ ఎటో చూస్తూ. "చీటీ మాత్రం ఎవ్వలం ముట్టలే."

శ్రీశైలం తల దించుకున్నాడు. కిష్టప్ప ఆ పేరును చాలాసేపు చూశాడు. గుండె, ఏ లీకూ లేనట్టు, గట్టిగా కొట్టుకుంటూనే ఉంది.

చీటీ పోయింది గనుక, ఇక అభ్యంతరమేమీ లేదని యాదన్న గేటు బార్లా తెరిచాడు.