గొళ్ళెం ఉన్న వంతెన

మా దుకాణం ముందు ఏడు నెలలుగా ఉన్నది గొయ్యి అనుకుని నేను అనవసరంగా బాధపడ్డాను. అది గొయ్యి కాదట! డెబ్బై ఎనిమిది శాతం పూర్తయిన మురుగు కాలువ!

చూశారా, మాట తెలియకపోతే మనిషి ఎంత నష్టపోతాడో? రోజుకు నాలుగు నిట్టూర్పుల చొప్పున ఏడు నెలల్లో ఎనిమిది వందల పైచిలుకు నిట్టూర్పులు దండగ చేశాను. మొదటిరోజే ప్రాజెక్టు రిపోర్టుల భాష నేర్చుకుని ఉంటే ఆ ఊపిరంతా మిగిలేది. అందుకే చెబుతున్నాను, ఆ భాష మనకు దొరికిన వరం. దాన్ని ప్రతి ఇంట్లో, ప్రతి కొట్టులో, చివరికి పళ్ళ డాక్టరు కుర్చీలో కూడా వాడాలి!

నేను చెప్పుల వ్యాపారిని. ముప్పై ఏళ్ళుగా ఏదీ ఊరికే నమ్మి కొన్నవాణ్ణి కాను. తోలు అంటే వాసన చూస్తాను, కుట్టు అంటే లాగి చూస్తాను. అలాంటి నేను గొయ్యి పక్కన పాతిన బోర్డు ముందు పావుగంట నిలబడి, ఒక్క ముక్క అర్థంకాక, ప్రాజెక్టు ఆఫీసుకు వెళ్ళాను. అక్కడ ఉచితంగా పంచుతున్న 'రిపోర్టు పదాల కరదీపిక' తెచ్చుకున్నాను. పన్నెండు పేజీలు. మూడుసార్లు చదివాను. ఆ తర్వాత గొయ్యి వైపు చూస్తే, అదేమిటో, లోతు తగ్గినట్టు అనిపించింది!

ఉదాహరణకు, పనికి డబ్బు 'వచ్చింది' అని మనం మోటుగా అంటాం. తప్పు! అది మొదట మంజూరవుతుంది, అంటే ఇవ్వొచ్చు అనుకున్నారు. తర్వాత కేటాయింపు, అంటే ఇద్దామని ఓ పక్కన రాసిపెట్టుకున్నారు. తర్వాత విడుదల, అంటే ఒక ఆఫీసులో బయల్దేరింది. చిట్టచివర వినియోగం. విడుదలకూ వినియోగానికీ మధ్య ఉన్న దూరం నడిస్తే మాత్రం నా దగ్గర కొన్న ఏ చెప్పులకూ గ్యారంటీ ఇవ్వను.

మరి ఆ డెబ్బై ఎనిమిది ఎక్కడినుంచి వచ్చింది? అడగండి! ఖర్చు నూరు శాతం అయిపోయింది. అది ఆర్థిక ప్రగతి. పని యాభై ఆరు శాతం అయింది. అది భౌతిక ప్రగతి. రెండూ కలిపి సగం చేస్తే డెబ్బై ఎనిమిది! అంటే డబ్బు ఎంత త్వరగా అయిపోతే కాలువ అంత త్వరగా పూర్తవుతుందన్నమాట. ఇంత సులువైన మేస్త్రీ పని మీరు ఎక్కడైనా చూశారా?

ఇక లబ్ధిదారు. కాలువకు అర కిలోమీటరు లోపల ఉండేవాళ్ళు, పనిచేసేవాళ్ళు అందరూ లబ్ధిదారులే. పక్క కొట్టు దర్జీ బాబాయి పోయిన నెల ఆ గోతిలో పడ్డాడు. మోకాలు గుమ్మడికాయంత అయింది. పైకి లాగుతూనే నేను కరదీపిక నాలుగో పేజీ వినిపించాను.

"బాబాయ్, నువ్వు ఊరికే పడలేదు. ఇక్కడ పనిచేస్తావు గనక ఒకసారి లబ్ధిదారువి. కాలువను నేరుగా వాడావు గనక ఇంకోసారి."

"ముందు రెండో చెయ్యి కూడా పట్టుకోరా సన్నాసీ! లబ్ధి సంగతి గట్టెక్కాక చూద్దాం!"

జ్ఞానం అందరికీ ఒకేసారి అందదు కదా.

ఇంట్లో కూడా ఈ భాష ప్రవేశపెట్టాను. వంటింటి కుళాయి రెండు వారాలుగా కారుతోంది. "బాగుచేయిస్తానన్నారు, ఏమైంది?" అని ఇంటావిడ అడిగింది. పాతరోజుల్లో అయితే రేపు అని అబద్ధం ఆడేవాణ్ణి. ఇప్పుడు ఆ అవసరం ఏముంది?

"ప్రాథమిక సర్వే పూర్తయింది. ప్లంబరుతో సంప్రదింపులు జరిగాయి. మొత్తం ప్రగతి నలభై శాతం," అన్నాను.

ఆవిడ క్యారియర్ కట్టి చేతికిచ్చింది. ఎంత హాయి! మధ్యాహ్నం కొట్లో క్యారియర్ విప్పాను. మూడు గిన్నెలూ ఖాళీ. అడుగు గిన్నెలో చీటీ ఉంది: "భోజనం మంజూరైంది. కుళాయి తర్వాత విడుదల."

సాయంత్రానికల్లా కుళాయి నూరు శాతం పూర్తి! ఆ భాషకున్న శక్తి అలాంటిది. ఎవరు ఎవరితో మాట్లాడుతున్నారన్నదే ముఖ్యం.

ఇంత మంచి భాషతో నాకొచ్చిన చిక్కు ఒక్కటే. చెప్పుల కొట్టుకు ఏడాదిలో పదకొండు నెలలు పేరుకే వ్యాపారం. మా అసలు బతుకు బడులు తెరిచే ముందు మూడు వారాలు. ఆ మూడు వారాల్లో అమ్మే నల్లబూట్ల మీదే మిగతా ఏడాది కొట్టు తలుపు తెరిచి ఉంటుంది. తల్లులు పిల్లల్ని వెంటబెట్టుకుని అవతలి గట్టుదాకా వస్తారు, లోతు చూస్తారు, పిల్లల రెక్క పట్టుకుని వెనక్కి లాక్కుపోతారు.

నేను చూస్తూ ఊరుకుంటానా? విసరడం మొదలుపెట్టాను! అవతల తల్లి పిల్లవాడి పాదం ఎత్తి చూపిస్తుంది. ఇవతల నేను సైజు అంచనా వేసి ఒక బూటు విసురుతాను. ఒక్కటే! రెండూ విసిరేవాడు వ్యాపారి కాడు. అది సరిపోయి, డబ్బు రాయికి చుట్టుకుని ఇటు వస్తే, రెండోది అటు వెళ్తుంది. నాలుగు రోజుల్లో పదకొండు కుడికాలి బూట్లు గోతిలో పడ్డాయి. వాటి జోడీలు పదకొండు నా అరలో వరసగా కూర్చుని నన్నే చూస్తున్నాయి.

ఇక లాభంలేదని గోడౌను తలుపు ఊడదీసి గోతి మీద అడ్డంగా వేశాను. పాతకాలపు బరువైన తలుపు. గొళ్ళెం మాత్రం ఎంత పీకినా ఊడలేదు. దాటేవాళ్ళు అక్కడ కాస్త కాలెత్తి వేయాలి. జనం రాసాగారు! తలుపులేని గోడౌనులో ఒక పిల్లి కాపురం పెట్టి, ఆరో నంబరు బూట్ల డబ్బాలో పిల్లల్ని పెట్టింది. అది వేరే సంగతి.

ఆ వారమే ప్రాజెక్టు ఆఫీసు నుంచి రిపోర్టులు రాసే మేడమ్ ట్యాబ్ పట్టుకుని వచ్చారు. గొయ్యి వైపు చూడలేదు. ఆమె ఫారంలో గోతికి గడి లేదు. తలుపు వైపు మాత్రం తేరిపార చూశారు.

"ఇది ఎవరు వేశారండీ?"

"నేనేనమ్మా. మా గోడౌను తలుపు."

"అంటే ప్రజా భాగస్వామ్యం!" మేడమ్ ముఖం వెలిగిపోయింది. "ఆ గడి ఇన్నాళ్ళూ ఖాళీగా ఉందండీ, పైవాళ్ళు రోజూ తిడుతున్నారు."

"ఇది నాలుగు రోజుల ముచ్చటే మేడమ్. మీరు గోడలు కట్టి పైన బండలు వేస్తే నా తలుపు నేను తీసుకుపోతాను."

"దీని మీద జనం నడుస్తున్నారా?"

"నడుస్తున్నారు."

"అటునుంచి ఇటూ, ఇటునుంచి అటూ?"

"ఇటు మాత్రమే నడిస్తే అందరూ నా కొట్లోనే కాపురం ఉండాలి కదమ్మా!"

"ఇంకేం మరి! రెండు వైపులా రాకపోకలు ఏర్పడ్డాయి," అంటూ టిక్కు కొట్టారు. గొళ్ళెం పక్కన నవ్వుతూ నిలబడమని ఫోటో తీశారు. నిలబడ్డాను. నవ్వాను కూడా. నా ముప్పై ఏళ్ళ వ్యాపారంలో ఆ నవ్వంత నష్టానికి ఇంకేదీ అమ్మలేదు.

నాలుగో రోజున బోర్డు మీద డెబ్బై ఎనిమిది పోయి నూరు వచ్చింది. పూర్తయింది! కిందనే నా ఫోటో!

ఆఫీసుకు పరుగెత్తాను. మేడమ్ ఓపిగ్గా కూర్చోబెట్టి చెప్పారు. ప్రాజెక్టు లక్ష్యం కాలువ కట్టడం కాదట. 'వీధి రెండు వైపుల మధ్య సురక్షిత రాకపోకలు' అట. అవి వచ్చేశాయి. పూర్తయిన పనిని మళ్ళీ మొదలుపెట్టడానికి గడి లేదు.

"అయితే నా తలుపు నేను ఊడదీసుకుపోతాను."

"అయ్యో, కుదరదండీ. అదిప్పుడు ప్రాజెక్టు ఆస్తి. 'చెక్క వంతెన, ఒకటి, గొళ్ళెంతో సహా' అని ఎక్కించేశాం. నిర్వహణ బాధ్యత మీదే."

"నాదెలా అవుతుందమ్మా?"

"అందరికంటే దగ్గరి లబ్ధిదారు మీరే కదా!"

ఏం కాదంటాను? అది కరదీపిక నాలుగో పేజీలోనే ఉంది.

ఇప్పుడు తలుపు నడుమ సన్నటి పగులు వచ్చింది. పిల్లల్ని నేనే ఒక్కొక్కరిగా చెయ్యి పట్టి దాటిస్తున్నాను. లావుపాటి తండ్రుల్ని అవతలే ఉండమంటున్నాను. బడులు తెరిచేది సోమవారం. సగం అమ్మకం జరగాల్సిన ఆఖరి వారం ఇదే.

మొన్న సాయంత్రం రిపోర్టు మేడమ్ తన కూతుర్ని వెంటబెట్టుకుని మా కొట్టుకే వచ్చారు. ఐదో తరగతి పిల్ల, నల్లబూట్లు కావాలి. గొళ్ళెం దగ్గర ఇద్దరూ చక్కగా కాలెత్తి దాటారు. బేరం ఆడలేదు. అడిగిన ధర మొత్తం ఇచ్చారు. నేను ఎడమకాలి బూటు సంచిలో పెట్టి, రసీదు మీద 'పూర్తయింది' అని రాసి చేతికిచ్చాను.

మేడమ్ సంచిలోకి చూశారు. "రెండోదేదండీ?"

"ఆర్థిక ప్రగతి నూరు శాతం మేడమ్. భౌతిక ప్రగతి యాభై. కలిపి సగం చేస్తే డెబ్బై అయిదు. మా కాలువ మొన్నటిదాకా ఉన్నదానికి మూడే తక్కువ! పాపను నవ్వుతూ నిలబడమనండి, ఫోటో తీద్దాం."

పిల్ల నిజంగానే నవ్వింది. తల్లి నవ్వలేదు.

"వేళాకోళమా? ఒక్క బూటుతో పిల్ల బడికి ఎలా నడిచి వెళ్తుందండీ?"

ఏడు నెలలుగా ఆ ఆఫీసులో ఎవరైనా ఎలా నడుస్తారని అడుగుతారేమోనని ఎదురుచూశాను. ఇన్నాళ్ళకు అడిగారు! గుమ్మం వైపు చూపించాను. సరిగ్గా అప్పుడే దర్జీ బాబాయి వాచిన మోకాలితో, రెండు చేతులూ చాచి, తలుపు మీద అడుగులో అడుగు వేస్తూ వస్తున్నాడు. తలుపు కిర్రుమంది. బాబాయి ఆగి కళ్ళు మూసుకున్నాడు. మేడమ్ మొదటిసారి తలుపు మీద కాకుండా తలుపు కింద చూశారు. కూతురి చెయ్యి గట్టిగా పట్టుకున్నారు.

తిరిగి దాటేటప్పుడు ఆ ఇద్దర్నీ కూడా నేనే, ఒక్కొక్కరిగా, చెయ్యి పట్టి పంపించాను. పిల్ల కాలికున్న పాత జత ఇంకో నెల వస్తుందని ముందే వేలితో నొక్కి చూసుకున్నాను లెండి. వ్యాపారినే గానీ రాక్షసుణ్ణి కాను.

కుడికాలి బూటు గుడ్డతో తుడిచి కౌంటరు మీద పెట్టాను. బడి సోమవారం. చూద్దాం, వాళ్ళ బండలో, నా బూటో, ఎవరి రెండో విడత ముందు విడుదలవుతుందో!