స్తంభం మీద మొదటి రోజు

ఆ నగరంలో నేల అయిపోయింది. ఇంట్లో గ్యాసు అయిపోయినట్టే అయిపోయింది. ఉన్నదంతా రిజిస్ట్రేషన్లయి, కంచెలు పడి, చివరికి ఫుట్‌పాత్ కూడా గజాల లెక్కన అమ్ముడుపోయాక, గజం భూమి లేనివాళ్లు కాలు ఎక్కడ పెట్టినా అది ఇంకొకరి ఆస్తి అయింది. నగరపాలక సంస్థ దయగలది కాబట్టి అలాంటివాళ్లకు మనిషికో స్టీలు స్తంభం మంజూరు చేసింది. వంట, నిద్ర, బతుకుదెరువు అన్నీ దానిమీదే. నేల విడిచి సాము చేయొద్దని పెద్దలన్న మాట నిజమే. ఆ పెద్దలకు నేల ఉండేది.

స్తంభం ఊరికే రాదు. వార్డు కమ్యూనిటీ హాల్లో పోల్ ఫిట్‌నెస్, అంటే స్తంభం పట్టుకుని వేలాడే కసరత్తు, మొదటి క్లాసు గట్టెక్కాలి. ఈల మోగింది మొదలు క్లాసు అయ్యేదాకా కాలు కింద ఆనకపోతే స్తంభం సొంతం. ఆనితే ఆక్రమణదారు కింద లెక్క. బయట నిలబడ్డ తెల్ల వ్యాను ఎక్కించుకుపోయి ఊరి పొలిమేర అవతల దింపేస్తుంది. అక్కడేముంటుందని అడిగినవాళ్లున్నారు గానీ తిరిగొచ్చి చెప్పినవాళ్లు లేరు.

జాకెట్లు కుట్టే అండాలుకు ఉన్న ఆశ ఒక్కటే. తనూ చెల్లెలు స్రవంతీ ఇద్దరూ నెగ్గితే పక్కపక్క స్తంభాలిస్తారు. అమ్మానాన్నలు పోయాక ఆ పిల్లను సాకింది తనే. "నువ్వు పక్కన లేకుంటే నాకు స్తంభమెందుకే? రోడ్డుకు రోడ్డు రాసిచ్చినా వద్దు" అని ఆ పొద్దున కూడా అంది. ఆ మాట మనస్ఫూర్తిగానే అంది.

క్లాసు చెప్పేది నవనీత మేడం. ఆమె ఉండేదీ స్తంభం మీదే, కాకపోతే అది డబుల్ బెడ్‌రూమ్ స్తంభం. తలకిందులుగా వేలాడుతూనే అందరికీ నమస్కారం పెట్టింది.

"చీరలు, పంజాబీ డ్రెస్సులు నడవయమ్మా. బట్ట జారుతది, తోలే పట్టుకుంటది. అందుకే నిక్కర్లు ఏస్కోమన్నది. గాజులు, ఉంగరాలు తీసి పక్కకు పెట్టుండ్రి. ఒంటికి నూనె, క్రీము ఏమన్న రాస్కొచ్చిండ్రా?"

లేదన్నారు అందరూ.

"మంచిది. తొడలు కమిలిపోతయి, నీలం మచ్చలు పడ్తయి. పరేషాన్ కావొద్దు, అది నేర్చుకుంటున్నట్టు లెక్క."

"నొప్పి ఎప్పుడు పోతది మేడం?" అని స్రవంతి అడిగింది.

"నొప్పి ఎందుకు పోతదమ్మా? అడుగుడు పోతది" అంది మేడం ఎంతో ఆప్యాయంగా.

ఇంతవరకు ఎక్కడైనా ఇలాగే జరుగుతుందేమో. కానీ మనవాళ్ల సంగతి తెలిసిందే! స్కూటరు కొన్నా, మిక్సీ కొన్నా, బొట్టు పెట్టకుండా ముట్టుకునే జాతి కాదు. మేడం అటు తిరగ్గానే అండాలు సంచిలోంచి పసుపు తీసింది. నీళ్లతో కలిపి, రెండు స్తంభాలకూ చెయ్యి అందినంత ఎత్తు దాకా పూసి, కుంకుమ బొట్లు పెట్టింది. చెల్లెలి స్తంభానికి ఇంకాస్త దట్టంగానే పట్టించింది, ప్రేమ మరి. మిగిలింది పారబోయడమెందుకని తన పాదాలకు రాసుకుంది. పట్టు దొరకడం కోసం మేడం తెల్లవారే లేచి స్పిరిటుతో తుడిచిన స్తంభాలవి. భక్తిని అడ్డుకునే నిబంధనేదీ లేదు. భక్తి వల్ల జారినవాళ్లకు మినహాయింపూ లేదు.

ఈల మోగింది. అండాలు పొడుగు మనిషి, ఒక్క ఎగురు ఎగిరి పసుపు లేనిచోట పట్టుకుంది. స్రవంతి పొట్టిది, పసుపులోనే పట్టుకుంది. పట్టుకున్నది పట్టుకున్నట్టే కిందికి రాసాగింది. ఇంకేం దొరక్క చెయ్యి చాపి పక్క స్తంభం మీదున్న అక్క పాదం అందుకుంది.

"ఇడ్వకు అక్కా!"

"ఇడ్వనే, నేనెందుకు ఇడుస్త! గట్టిగ పట్టుకో!" అండాలుకు ఏడుపు తన్నుకొచ్చింది. ఆ ఏడుపులో కల్తీ లేదు.

మేడం తలకిందుల నుంచే చూసింది. "ఒక స్తంభానికి ఒక్కరేనమ్మా. ఇద్దరుంటే ఇద్దర్నీ దింపుతరు."

ఆ మాట తర్వాత అండాలు కాలు కదిలిందా, పసుపుకు చెల్లెలి చెయ్యి జారిందా అన్నది ఎవరూ విచారించలేదు. స్రవంతి మడమలు నేలకు తగిలాయి. వ్యానువాళ్లు మర్యాదస్తులు, చెప్పులు వేసుకోనిచ్చారు. ఆ పిల్ల గుమ్మం దాటేటప్పుడు వెనక్కి తిరిగి చూసింది.

"నేను ఇదిలియ్యలే" అని అండాలు అందరికీ చెప్పింది. విదిలించావని ఎవరూ అనలేదు.

క్లాసు అయ్యాక మేడం చప్పట్లు కొట్టించి అండాలుకు స్తంభం ఖాయం చేసింది. "పక్కది కూడ ముందుగాలనే మీ ఇంటిపేరు మీద రాసిపెట్టిండ్రు. వాపస్ ఇస్తవా, ఉంచుకుంటవా?" అని అడిగింది. అండాలు వెక్కిళ్లు పెడుతూనే ఆలోచించింది. చెల్లెలి పేరున వచ్చింది, చేజేతులా ఎలా వదులుకుంటుంది? ఉంచుకుంది.

కొన్నాళ్లకు ఒక పిల్ల భుజాన బట్టల సంచితో, స్తంభం నుంచి స్తంభానికి వేలాడుతూ వచ్చింది. ఈడు స్రవంతిదే.

"అక్కా, పక్కది ఖాళీగున్నదట గద. నాకింక స్తంభం మంజూరు కాలే, కిరాయికిస్తవా?"

అండాలు స్తంభానికి బిగించుకున్న కుట్టుమిషను ఆపి, పిల్లను ఎగాదిగా చూసింది.

"ఒక్కదానివే ఉంటవా? పెండ్లైందా?"

"కాలే అక్కా. నౌకరి చేస్తున్న."

"చుట్టాలు, దోస్తులు గిట్ల వచ్చిపోతుంటరా? నాకు లొల్లి పడది. నీసు వండుతవా?"

"వండనక్కా. జల్దీ చెప్పవా, చేతులు జారుతున్నయి."

"ఏమనుకోకు చెల్లె, అడగాల్సింది అడగాలె గద" అంది అండాలు, ఎంతో ఆప్యాయంగా. "మీరేం క్యాస్టు?"